ఓరుగల్లు కోట దాటితే: కాకతీయుల చెరువుల సీమలో యాత్ర

వరంగల్‌కు వచ్చే యాత్రికుల్లో చాలామంది ఖిలా వరంగల్‌లోని కీర్తితోరణాలను, హనుమకొండలోని వేయిస్తంభాల గుడిని, భద్రకాళి చెరువు గట్టును ఒక్క రోజులో చూసి, కాకతీయుల రాజధానిని చూసేశామన్న తృప్తితో తిరుగు ప్రయాణమవుతారు. ఈ మూడూ తప్పక చూడవలసినవే అయినా, ఇవి రాజధానిలో రాజుకూ దేవుడికీ చెందిన భాగాన్ని మాత్రమే చూపుతాయి. ఆ కోటలోని జనానికి బియ్యం ఏ పొలాల నుంచి వచ్చింది, ఆ పొలాలకు నీరు ఎలా అందింది, రాజ్యానికి అంచుగా నిలిచిన అడవిలో ఎవరు బతికారు అన్న ప్రశ్నలకు జవాబులు నగర ప్రాకారాల వెలుపల, తూర్పుకూ ఈశాన్యానికీ గోదావరి దాకా పరచుకున్న చెరువుల, గుట్టల, అడవుల సీమలో ఉన్నాయి. ప్రకృతి అందమని యాత్రికులు మెచ్చుకునే దానిలో పెద్ద భాగం, దాదాపు ఎనిమిది వందల ఏళ్ల క్రితం నేల వాలునూ రాతి గుణాన్నీ వాన రాకనూ గమనించి మనుషులు చేసిన పని అనీ, ఆ పని నేటికీ ఆగిపోలేదనీ తెలిసి చూస్తే, ఆ సీమ మరో తీరుగా కనిపిస్తుంది.

ముందుగా నగరం సంగతి. కాకతీయుల తొలి రాజధాని అనుమకొండ, అంటే నేటి హనుమకొండ. అక్కడి వేయిస్తంభాల గుడిని రుద్రదేవుడు 1163లో కట్టించాడు. ఆయన కాలంలో ఓరుగల్లులో, అంటే నేటి వరంగల్‌లో, మొదలైన కోట పని, 1199 నుంచి 1262 వరకు పాలించిన గణపతిదేవుని కాలంలో పెద్ద ఎత్తున సాగి, ఆయన కుమార్తె రుద్రమదేవి కాలంలో మరింత బలపడింది. ఓరుగల్లు అన్న పేరుకూ, ఏకశిలానగరం అన్న సంస్కృత నామానికీ కోట లోపలి ఒంటిరాతి గుట్టే ఆధారమని చెబుతారు. వలయాలుగా సాగే ఈ కోటలో లోపల రాతిగోడ, దాని వెంట కందకం, ఆపైన మట్టికోట ఉంటాయి. తట్టలకొద్దీ మట్టిని పొరలుగా పోసి, తడిపి, గట్టిపరచి, వానకు కరగకుండా నిలబెట్టే నేర్పు మట్టికోటకు ఎంత అవసరమో చెరువుకట్టకూ అంతే అవసరం. ఆ కాలపు కోటను, ఆ కాలపు చెరువులను విడివిడిగా చూసేవారు ఈ పోలికను గమనించకుండా పోతారు. 1323లో ఢిల్లీ సైన్యం ఓరుగల్లును పట్టుకోవడంతో చివరి కాకతీయ రాజు ప్రతాపరుద్రుని పాలన ముగిసి, కోట చేతులు మారింది గాని, చెరువులు మాత్రం రాజ్యాలతో నిమిత్తం లేకుండా పొలాలకు నీరిస్తూనే వచ్చాయి.

ఈ సీమలో ఇన్ని చెరువులు ఎందుకు పుట్టాయన్నది నేలను బట్టి తెలుస్తుంది. వరంగల్ నగరం, దాని పడమటి ప్రాంతం గ్రానైటు నేలలు, అంటే భూమి లోపల కరిగిన పదార్థం చల్లబడి గట్టిపడగా ఏర్పడిన గ్రానైటు జాతి శిలలు పరచుకున్న నేలలు. ఈ రాయి నీటిని లోపలికి పీల్చుకోదు; పగుళ్లలోకి, పైనున్న పలుచటి మట్టిపొరలోకి ఇంకినంత నీరే భూగర్భంలో నిలుస్తుంది. వానలో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి రుతుపవనాల కాలంలోనే కురిసి, వాగుల వెంట గోదావరికో కృష్ణకో పోతుంది. నాలుగు నెలల నీటిని పన్నెండు నెలలకు దాచుకోవడం తప్ప వరి పండించే మార్గం లేని ఇలాంటి నేలకు ఒక అనుకూలత కూడా ఉంది. అది ఎగుడుదిగుడుగా, గుట్టల మధ్య సన్నని కనుమలతో ఉంటుంది కనుక, తగిన చోట చిన్న కట్ట వేసినా వెనుక పెద్ద నీటినిలువ ఏర్పడుతుంది. కాకతీయులు, వారి సామంతులు ఈ ఇబ్బందినీ ఈ అనుకూలతనూ కలిపి ఆలోచించడం వల్లనే నేడు యాత్రికులు చూసే జలాశయాలు రూపుదిద్దుకున్నాయి.

చెరువుల దగ్గర తరచు వినిపించే కొన్ని మాటలు ముందే తెలిస్తే యాత్ర అర్థవంతంగా ఉంటుంది. వాగుకు అడ్డంగా వేసిన మట్టిగట్టును కట్ట అంటారు. నీటి అలలు కోయకుండా దాని లోపలి ముఖానికి రాళ్లు పరుస్తారు. కట్ట అడుగున నీటిని పొలాల్లోకి వదిలే రాతి మార్గం తూము. చెరువు నిండాక అదనపు నీరు కట్టకు హాని చేయకుండా పొర్లిపోయే చోటును మత్తడి అని, అలుగు అని పిలుస్తారు. తూము కింద సాగయ్యే భూమి ఆయకట్టు. నీరు తగ్గాక బయటపడే చెరువు గర్భపు భూమి శిఖం. తూము తెరిచి మూసి, పొలాలకు వంతుల వారీగా నీరు పంచే గ్రామోద్యోగిని నీరటి అంటారు. ఎగువ చెరువు మత్తడి దూకిన నీరు దిగువ చెరువును నింపేలా వాలు వెంట వరుసగా కట్టినవి గొలుసుకట్టు చెరువులు. ఒక చెరువులో పోయిందనుకున్న నీరు మరో చెరువులో చేరే ఈ ఏర్పాటులో ఏ ఊరి కట్ట తెగినా దిగువ ఊళ్లన్నిటికీ ప్రమాదమే కనుక, మరమ్మతు ఎవరి సొంత వ్యవహారమూ కాకుండా పోయింది.

చెరువు తవ్వించడం ఆ కాలంలో పాలనా కార్యమే కాదు, పుణ్యకార్యం కూడా. కొడుకు, నిధి, అగ్రహారం, గుడి, తోట, కావ్యం, తటాకం అనే ఏడింటినీ సప్తసంతానాలు అనేవారు, అంటే మనిషి పోయిన తరువాత కూడా అతని పేరును నిలిపేవి. రాజు ఒక్కడే కాక సేనానులు, మంత్రులు, రాణివాసపు స్త్రీలు కూడా చెరువులు కట్టించడానికి ఈ నమ్మకం ఒక కారణమైతే, దశబంధం అనే ఏర్పాటు మరో కారణం. చెరువు కట్టించినవారికి, దానిని కాపాడేవారికి ఆయకట్టు భూమిలో కొంత మాన్యంగానో, ఫలసాయంలో వంతుగానో దక్కేలా చేసిన ఆ ఏర్పాటు పుణ్యానికి జీవనాధారాన్ని జతచేసింది. కాకతీయుల తరువాత, 1369లో విజయనగర రాజకుమారుడు భాస్కరుడు కడప సీమలోని పోరుమామిళ్లలో వేయించిన తటాక శాసనం మంచి చెరువుకు పన్నెండు అంగాలను పేర్కొన్నది. గట్టి నేల, చాలినంత నీరున్న వాగు, కొండల నడుమ రాతితో దిట్టంగా వేసిన కట్ట, విశాలమూ లోతూ అయిన గర్భం, దగ్గరలో రాతిగని, పని తెలిసిన మనుషులు వాటిలో కొన్ని. ఈ సీమలోని రామప్ప, లక్నవరం చెరువుల కట్టలపై నిలబడి చుట్టూ చూసినవారికి, ఆ శాసనం రాతలో పెట్టిన లక్షణాలు అంతకు ఒకటిన్నర శతాబ్దం ముందే ఇక్కడ ఆచరణలో ఉన్నట్టు తెలుస్తుంది.

నగరం నుంచి మొదటి యాత్ర ఈశాన్యంగా ములుగు మీదుగా పాలంపేటకు. హైదరాబాదు నుంచి వరంగల్ మీదుగా ఛత్తీస్‌గఢ్ వైపు సాగే 163వ నంబరు జాతీయ రహదారిపై ములుగు దాటి, జంగాలపల్లి కూడలి దగ్గర ఎడమకు తిరిగితే వెంకటాపూర్ మండలంలోని పాలంపేట వస్తుంది. వరంగల్ నుంచి దూరం సుమారు 70 కిలోమీటర్లు. ఇక్కడి రుద్రేశ్వరాలయాన్ని జనం రామప్ప గుడి అంటారు. దానిని చెక్కిన శిల్పి పేరు రామప్ప అని లోకప్రతీతి. గుడిని, పక్కనున్న చెరువును రెండు వేర్వేరు దర్శనీయాలుగా భావించి, చాలామంది గుడి చూసి చెరువు చూడకుండానే వెళ్లిపోతారు. కాని ఆ రెండూ ఒకే సంకల్పంలోని భాగాలు. ఇక్కడ దేవుడికి గుడి, జనానికి చెరువు, ఆ రెండింటికీ ఆధారంగా ఆయకట్టు కలిసి ఏర్పడినందున గుడి ధూపదీపాలు చెరువు నీటిపై, చెరువు బాగోగులు గుడి మాన్యాలపై ఆధారపడేవి. గుట్టల వరుసలు మూడు వైపులా గోడలై నిలువగా, మిగిలిన వైపు కట్టతో మూసిన రామప్ప చెరువు గట్టు మీద నుంచి ఒక పక్క నీరు, మరో పక్క వరిపొలాలు ఒకే చూపులో కనిపిస్తాయి.

గుడిని కట్టించినవాడు గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు. దేవగిరి యాదవుల చేతిలో గణపతిదేవుడు బందీగా ఉన్న కష్టకాలంలో రాజ్యం చెదిరిపోకుండా నిలిపినవాడుగా ఆయనకు పేరు. ఆలయ శాసనం 1213 నాటిది. నక్షత్రాకారపు ఎత్తైన జగతి, అంటే గుడికి పీఠంగా కట్టిన వేదికపై నిలిచిన ఈ ఆలయపు గోడలు లేత ఎరుపు ఇసుకరాతివి కాగా, లోపలి స్తంభాలలో కొన్ని, ప్రవేశద్వారాల దగ్గర చూరు కింద ఏటవాలుగా నిలిచిన మదనికల బొమ్మలు నునుపుదేరిన నల్లరాతివి. విమానం ఇటుకలతో కట్టినది. ఆ ఇటుకలు నీటిలో తేలేంత తేలికైనవి. మట్టిలో ఊకవంటి కాలిపోయే పదార్థం కలిపి కాల్చడం వల్ల లోపల సన్నని గాలి గదులు మిగిలాయన్నది దీనికి నిపుణులు చెప్పే వివరణ. పునాది గోతిని ఇసుకతో నింపి, ఆ ఇసుక మెత్త మీద బరువైన రాతి కట్టడాన్ని నిలిపిన పద్ధతి కూడా ఇక్కడ కనిపిస్తుంది. పై భాగపు బరువు తగ్గించడం, కింది నేల కదలికను తట్టుకునే ఏర్పాటు చేయడం, ఈ రెండూ నేల స్వభావం తెలిసినవారు చేసిన పనులు. 2021 జూలైలో యునెస్కో ఈ ఆలయాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. తెలంగాణ నుంచి ఆ జాబితాకెక్కిన తొలి స్థలం ఇదే. గణపతిదేవుని గజసేనాధిపతి జాయప సేనాని రచించిన నృత్తరత్నావళి అనే నాట్యశాస్త్ర గ్రంథాన్నీ, ఈ గోడలపై చెక్కిన నర్తకుల భంగిమలనూ ఆధారం చేసుకుని నటరాజ రామకృష్ణ పేరిణి నృత్యాన్ని ఇరవయ్యో శతాబ్దంలో పునరుద్ధరించారు.

పాలంపేటకు దగ్గరలోనే ఉన్న గణపురంలోని కోటగుళ్లు కూడా ఈ యాత్రలోనే చూడదగినవి. ప్రాకారం లోపల ప్రధాన శివాలయం చుట్టూ చిన్న గుడులు గుంపుగా ఉన్న ఈ స్థలం రామప్పంత చెక్కుచెదరకుండా లేదు. అయితే ఎక్కడికక్కడ విడిపోయిన రాళ్లు కనిపించడం వల్ల ఒక రాతిపై మరో రాతిని ఎలా కూర్చారో, ఏ చోట ఏ రాయి వాడారో పరిశీలించే అవకాశం ఇక్కడ ఎక్కువ. ఇక్కడ కూడా గుడికి తోడుగా చెరువు ఉంది.

రెండవ యాత్ర అదే రహదారిపై ఇంకా ముందుకు, గోవిందరావుపేట మండలంలోని లక్నవరం చెరువుకు. వరంగల్ నుంచి సుమారు 75 కిలోమీటర్ల దూరంలో, చల్వాయి దగ్గర రహదారి వదిలి లోపలికి వెళితే గుట్టల మధ్య ఈ జలాశయం కనిపిస్తుంది. వేలాడే వంతెన, దీవుల్లో విడిదులు, పడవ షికార్లు దీనిని తెలంగాణలో పేరున్న విహారస్థలాల్లో ఒకటిగా చేశాయి. అయితే దీని అసలు విశేషం కట్టడంలో ఉంది. చుట్టూ కొండలు దాదాపు సహజమైన తొట్టిగా ఉండి, మూడు చోట్ల మాత్రమే సన్నని కనుమలు తెరుచుకుని ఉండగా, ఆ మూడింటికీ మూడు పొట్టి కట్టలు వేయడంతో ఇంత పెద్ద చెరువు ఏర్పడింది. తక్కువ మట్టితో ఎక్కువ నీటిని నిలిపిన ఈ చెరువులో, మునిగిన కొండల శిఖరాలే నేడు దీవులుగా కనిపిస్తాయి. అందంగా ఉన్నాయని ఫోటోలు తీసుకునే ఆ దీవులు చెరువు కట్టినవారు కోరి చేసినవి కావు, వారు మట్టిని పొదుపు చేసిన తీరు వల్ల వాటంతట అవే మిగిలినవి.

లక్నవరం దాటాక నేల మారుతుంది, అడవి చిక్కబడుతుంది. టేకు, నల్లమద్ది, ఇప్ప, తునికి, మోదుగ చెట్ల మధ్యగా రహదారి తాడ్వాయి మీదుగా ఏటూరునాగారం వైపు సాగుతుంది. 800 చదరపు కిలోమీటర్లకు పైబడిన ఏటూరునాగారం వన్యప్రాణి అభయారణ్యం ఈ ప్రాంతంలోనే ఉంది. అభయారణ్యం అంటే వేటకూ చెట్ల నరికివేతకూ చట్టం అడ్డుకట్ట వేసిన అడవి. తాడ్వాయి నుంచి లోపలికి కొద్ది దూరంలో మేడారం. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమి సమీపంలో జరిగే సమ్మక్క సారలమ్మ జాతరకు దేశంలోని పలు రాష్ట్రాల నుంచి లక్షలాది జనం వస్తారు. విగ్రహాలు లేని ఈ జాతరలో కన్నెపల్లి నుంచి సారలమ్మను, చిలుకలగుట్ట నుంచి సమ్మక్కను కోయ పూజారులు గద్దెల మీదికి తెస్తారు. జంపన్నవాగులో స్నానం చేసిన భక్తులు బెల్లాన్ని బంగారమని పిలుస్తూ మొక్కు చెల్లిస్తారు.

మేడారం ఈ యాత్రకు మరో కోణాన్ని జోడిస్తుంది. కోయల సంప్రదాయ కథనం ప్రకారం, కరువు వల్ల కప్పం కట్టలేకపోయిన మేడారం పాలకుడు పగిడిద్దరాజుపై కాకతీయ సైన్యం దండెత్తగా, ఆ పోరులో ఆయన, కుమార్తెలు సారలమ్మ, నాగులమ్మ, అల్లుడు గోవిందరాజు నేలకొరిగారు. కుమారుడు జంపన్న సంపెంగవాగులో దూకి ప్రాణం విడిచినందున ఆ వాగుకు ఆయన పేరు వచ్చింది. పగిడిద్దరాజు భార్య సమ్మక్క చిలుకలగుట్ట వైపు వెళ్లి అంతర్ధానమైంది. చరిత్రకారులు ఈ కథలోని వివరాలపై భిన్నాభిప్రాయాలు చెప్పినా, అందులో దాగిన సంగతి గమనించదగినది. రామప్ప, లక్నవరం ఆయకట్టుల్లో ప్రజలకు నీరిచ్చిన రాజ్యంగా గుర్తున్న కాకతీయ రాజ్యం, కొద్ది కిలోమీటర్ల దూరంలోని అడవిలో కరువునాడు పన్ను అడిగిన రాజ్యంగా గుర్తుంది. చెరువులున్న మైదానానికీ చెరువులు లేని అడవికీ మధ్యనున్న ఈ అంతరాన్ని శాసనాలు చెప్పవు, అవి కట్టించినవారి మాటలు కనుక. అది జాతరలోనే వినిపిస్తుంది. అందువల్ల మేడారం దారిని కేవలం అడవి అందం కోసం పట్టినవారు కూడా అక్కడి గద్దెల కథను తెలుసుకోకుండా తిరిగి రాకూడదు.

ఏటూరునాగారం దాటి, ముల్లకట్ట దగ్గర గోదావరిపై వంతెన మీదుగా ఆవలి ఒడ్డుకు చేరితే వాజేడు మండలం. అక్కడి చీకుపల్లి వాగు రాతి అంచుల మీదుగా విశాలమైన మడుగులోకి దూకే చోటే బొగత జలపాతం. వరంగల్ నుంచి దూరం సుమారు 130 కిలోమీటర్లు. దీనిని నయాగరాతో పోల్చే అలవాటు ప్రచారంలో ఉంది గాని, ఆ పోలిక బొగతకు మేలు చేయదు. ఎత్తు కన్నా వెడల్పుతో, పలు పాయలుగా చీలి, అడవి మధ్య దూకే ఈ జలపాతానికి తన అందం తనకుంది. ఇప్పటిదాకా చూసిన జలాశయాల్లో నీటిని ఆపినవారి తెలివి కనిపిస్తే, ఇక్కడ ఎవరూ ఆపని నీటి వేగం కనిపిస్తుంది. వానకాలంలో వరద పెరిగినప్పుడు మడుగులోకి దిగడాన్ని అటవీశాఖ నిషేధిస్తుంది. నీటి అడుగున రాళ్లూ సుడులూ బయటికి కనిపించవు కనుక ఆ నిషేధాన్ని కచ్చితంగా పాటించాలి.

మూడవ యాత్ర ఇందుకు భిన్నమైన దిక్కులో, తూర్పున నర్సంపేట మీదుగా సుమారు 50 కిలోమీటర్ల దూరంలోని పాఖాలకు. గణపతిదేవుని కాలంలో జగదాళ ముమ్మడి నాయకుడు కట్టించిన ఈ చెరువు సుమారు 30 చదరపు కిలోమీటర్ల మేర పరచుకుని, చుట్టూ అభయారణ్యంతో, కాకతీయుల నాటి చెరువులన్నిటిలో పెద్దవాటి సరసన నిలుస్తుంది. శీతాకాలంలో ఇక్కడ నీటిపక్షులు చేరుతాయి. పాఖాలలో ఆగిన నీటికి, రామప్పలో ఆగిన నీటికి గమ్యాలు వేరు. రామప్ప, లక్నవరం చెరువుల నుంచి పొర్లిన నీరు గోదావరి వైపు పోతే, పాఖాల నుంచి పొర్లినది మున్నేరుగా మారి దక్షిణానికి ప్రవహించి కృష్ణలో కలుస్తుంది. జలవిభాజకం అంటే ఒక నది పరీవాహక ప్రాంతాన్ని మరో నది పరీవాహక ప్రాంతం నుంచి వేరుచేసే ఎత్తైన నేల. ఓరుగల్లు సరిగ్గా అలాంటి నేలకు దగ్గరలో ఉన్నందున, ఒకే రాజధాని నుంచి బయలుదేరిన సేనానులు రెండు మహానదులకు చేరవలసిన నీటిని దారిలోనే ఆపగలిగారు. భూగర్భ శాస్త్రంలో కూడా ఈ చెరువు పేరు స్థిరపడింది. ఈ లోయలో బయటపడిన అతిప్రాచీన అవక్షేప శిలలను, అంటే నీటి అడుగున ఇసుక, బురద, సున్నం పేరుకుని గట్టిపడిన రాళ్లను, పాఖాల శిలలని వ్యవహరిస్తారు.

పాఖాలకు దక్షిణంగా, నేటి మహబూబాబాద్ జిల్లాలోని బయ్యారం చెరువు ఈ యాత్రకు తగిన ముగింపు. దీనిని గణపతిదేవుని సోదరి మైలాంబ కట్టించి, ధర్మకీర్తి సముద్రమని పేరు పెట్టింది. అక్కడ ఆమె వేయించిన శాసనం కాకతీయుల పూర్వీకుల వంశక్రమాన్ని చెబుతున్నందున, ఆ రాజవంశపు తొలి చరిత్రకు అది ప్రధానమైన ఆధారాల్లో ఒకటయింది. రాజుల వంశావళి రాజధానిలో కాక, ఒక స్త్రీ కట్టించిన చెరువు గట్టున దొరకడాన్ని బట్టి, చెరువును ఆ కాలం ఎంత శాశ్వతమైన వస్తువుగా భావించిందో తెలుసుకోవచ్చు.

నాలుగవ యాత్ర ఉత్తరానికి. భూపాలపల్లి దారిలో రేగొండకు సమీపంలోని పాండవుల గుట్టలు గ్రానైటు సీమ ముగిసి ఇసుకరాతి సీమ మొదలైన సంగతిని కళ్లకు కట్టిస్తాయి. గ్రానైటు బండలు గుండ్రంగా అరిగితే, ఇక్కడి ఇసుకరాయి పొరలు పొరలుగా, నిలువు గోడలుగా, లోపలికి తొలిచిన చరియలుగా విరుగుతుంది. ఆ చరియల కింద నీడలో చరిత్ర పూర్వయుగపు మనుషులు ఎర్రరంగుతో వేసిన జంతువుల బొమ్మలు, తరువాతి కాలాల చిత్రాలు 1990 ప్రాంతంలో వెలుగులోకి వచ్చాయి. ఇంకా ఉత్తరాన, ప్రాణహిత గోదావరిలో కలిసే కాళేశ్వరంలో ఒకే పానవట్టంపై రెండు లింగాలున్న ముక్తేశ్వరాలయం ఉంది. భూమి పైపొర చీలి మధ్య భాగం కుంగడంతో ఏర్పడిన పొడవైన లోయలో ఇక్కడి గోదావరి ప్రవహిస్తున్నది. భూపాలపల్లి బొగ్గు గనులూ ఆ లోయ చరిత్రలోని భాగమే. 2024 డిసెంబరు 4న ములుగు అడవులు కేంద్రంగా 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపం ఈ నేల ఇంకా పూర్తిగా నిద్రపోలేదని గుర్తుచేసింది.

ఈ యాత్రలకు కాలం ఎంచుకోవడం దూరం లెక్కించడం కన్నా ముఖ్యం. జూలై నుంచి సెప్టెంబరు వరకు జలపాతాలు నిండుగా ఉంటాయి గాని, వాగులు పొంగి దారులు తెగే ప్రమాదమూ అప్పుడే. 2023 జూలై చివరి వారంలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 600 మిల్లీమీటర్లకు పైగా వర్షం కురిసింది. అక్టోబరు నుంచి జనవరి వరకు చెరువులు నిండి, ఆయకట్టు పచ్చబడి, ఎండ తగ్గి ఉండటం వల్ల రామప్ప, లక్నవరం, పాఖాల యాత్రలకు అది అనువైన కాలం. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మోదుగ పూసి అడవి ఎర్రబడుతుంది. ఆ తరువాత ఇప్పపూలు రాలే రోజుల్లో కోయ కుటుంబాలు తెల్లవారకముందే వాటిని ఏరుకోవడానికి వెళతాయి. మే నెలలో నీరు తగ్గిన చెరువు అందంగా ఉండదు గాని, కట్ట లోపలి రాతి పరుపును, తూము నిర్మాణాన్ని పూర్తిగా చూడగలిగే అవకాశం అప్పుడే దొరుకుతుంది. మేడారం జాతర జరిగే రోజుల్లో ఆ రహదారి అంతా జాతరదే కనుక, విహారయాత్రను ఆ వారానికి పెట్టుకోకపోవడం మేలు. రామప్ప, గణపురం కలిపి ఒక రోజు, లక్నవరం, తాడ్వాయి, బొగత కలిపి రెండు రోజులు, పాఖాల, బయ్యారం కలిపి ఒక రోజు కేటాయిస్తే హడావిడి లేకుండా చూడవచ్చు.

చెరువులు ఎనిమిది శతాబ్దాలు వాటంతట అవే నిలవలేదు. ఏటేటా పూడిక తీసి ఆ ఒండ్రుమట్టిని పొలాలకు తోలుకుపోవడం, కట్టపై మొలిచిన చెట్ల వేళ్లు గట్టును చీల్చకుండా చూడటం, వానకు ముందు మత్తడిని సరిచేయడం గ్రామాల బాధ్యతగా ఉండేది. ఆ వ్యవస్థ సడలిన కొద్దీ చెరువులు పూడిపోయి, శిఖం భూములు ఆక్రమణకు గురయ్యాయి. తెలంగాణ ఏర్పడ్డాక 2015లో మొదలైన మిషన్ కాకతీయ కార్యక్రమం 46 వేలకు పైగా చెరువులను గుర్తించి, విడతల వారీగా పూడికతీతకు, కట్టల మరమ్మతుకు పూనుకున్నది. దేవాదుల ఎత్తిపోతల పథకం గోదావరి నీటిని ఎత్తి ధర్మసాగర్ వంటి జలాశయాలకు చేర్చడంతో, పూర్వం వాననీటికే పరిమితమైన ఈ చెరువుల సీమకు నదీజలం కూడా తోడైంది. నీరు ఎక్కడినుంచి వచ్చినా, దానిని నిలిపి పంచే పని కట్ట, తూము, మత్తడి మీదే ఆధారపడి ఉంది.

యాత్రికులు పెరగడం వల్ల ఊళ్లకు ఆదాయం వస్తుంది. అదే సమయంలో చెరువు గర్భంలోకి చొచ్చే కట్టడాలు, నీటిలో చేరే ప్లాస్టిక్, అడవి దారుల్లో రాత్రివేళ వాహనాల రొద కూడా వస్తాయి. ఒక విహారస్థలం పాడైతే యాత్రికులు మరో చోటికి వెళతారు గాని, చెరువు పాడైతే ఆయకట్టు రైతుకు మరో చోటు లేదు. కనుక ఈ సీమలో ఏ ఏర్పాటైనా మొదట నీటికీ పొలానికీ అడవిలో బతికేవారికీ హాని కలగకుండా చూసుకుని, ఆ తరువాతే విహారానికి చోటు వెతకాలి. చూడవచ్చేవారు కూడా గుడి గోడలపై గడిపినంత సమయం చెరువు గట్టుపై గడిపి, తూము ఎక్కడుందో, మత్తడి ఏ వైపు దూకుతుందో, ఆ నీరు ఏ ఊరి పొలాలకు పోతుందో అక్కడి రైతులను అడిగి తెలుసుకోవాలి. కాకతీయుల కోట 1323లో ఓడిపోయింది. వారి సేనానులు, మంత్రులు, ఆడపడుచులు కట్టించిన చెరువుల కింద ఈ ఏడు కూడా నాట్లు పడతాయి. ఓరుగల్లు చరిత్రను తెలుసుకోగోరేవారికి ఆ రెండవ సంగతి మొదటిదానికన్నా ఏ మాత్రం తక్కువది కాదు.